నవ్వుల మరియమ్మ పట్టీ

మరియమ్మ కేక పెట్టలేదు. హేమలతకి భయం వేసింది అందుకే.

ఏడో టేబుల్ పక్కన, తడి నేల మీద కూలబడి, మరియమ్మ తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి చూసుకుంటోంది. ఎవరిదో చెయ్యి పొరపాటున తన ఒళ్ళో పడ్డట్టు. ఆ వేళ్ళ మధ్య సగం ఒలిచిన రొయ్య అలాగే ఉండిపోయింది.

"నొప్పెక్కడ పిన్నీ? భుజమా? మోచెయ్యా?" హేమలత పరుగున వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"నొప్పేం లేదు బుజ్జీ," అంది మరియమ్మ ఆశ్చర్యపోతూ. "చెయ్యే లేదు."

రొయ్యల ఫ్యాక్టరీ హాల్లో మూడొందల మంది ఆడవాళ్ళ చేతులు ఒక్కసారి ఆగిపోయాయి. ఐసు మిషను రొద ఒక్కటే వినిపిస్తోంది.

హేమలత మెల్లిగా మరియమ్మని ముందుకు వంచి వీపు చూసింది. మెడ దగ్గర్నుంచి నడుము దాకా నాలుగు వేళ్ళ వెడల్పున నల్లటి పట్టీ. దాని పై అంచున, భుజం మీద, కందిగింజంత దీపం. ఆకుపచ్చగా వెలుగుతోంది. ఈ మనిషి ఒళ్ళు బాగుంది, పని చేసుకోవచ్చు అని దాని అర్థం.

ఆ పట్టీని తయారు చేసింది హేమలతే.

ఎనిమిది రోజుల్లో ఇది మూడోసారి. మొదట సుగుణ మణికట్టు. తర్వాత అప్పాయమ్మ నడుము. ఇప్పుడు మరియమ్మ భుజం. ముగ్గురూ పడిపోయే క్షణం దాకా నొప్పి లేదనే అన్నారు. ముగ్గురికీ పచ్చదీపమే.

"లెగండమ్మా, లెగండి! చూసింది చాలు, అవతల ఐసు కరిగిపోతోంది!" గుమ్మంలోంచి చప్పట్లు కొట్టాడు ప్రొడక్షన్ మేనేజరు జనార్దనరావు.

హేమలత పట్టీ బకిలు మీద చెయ్యి వేయబోయింది. అంతకంటే ముందే ఇంకో చెయ్యి వచ్చి బకిలు లాగి, పట్టీని చుట్టచుట్టి, ఏప్రాను జేబులో దోపేసింది. హేమలత తలెత్తి చూసింది. ఏడో టేబుల్ లీడరు నాగరత్నం. స్వయానా తన అక్క.

"అక్కా, అదిటివ్వు."

"తడిసిపోద్దని తీశానే."

"నీళ్ళ బక్కెట్లో ముంచినా దానికేం కాదు. ఆ సంగతి నీకూ తెలుసు."

నాగరత్నం ఒక్క క్షణం చెల్లెలి కళ్ళలోకి చూసింది. తర్వాత జేబులోంచి పట్టీ తీసి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళ జీవితంలో అక్క తన ముందు మొహం తిప్పుకోవడం హేమలత చూడలేదు.

అంబులెన్సు నరసాపురం రోడ్డెక్కేలోపే ఫోన్ మోగింది. లాబ్ నుంచి డాక్టర్ వేదవతి.

"అమ్మడూ, మరియమ్మ-3 పట్టీ నీ దగ్గరే ఉందా?"

"ఉంది మేడమ్. మీకెలా తెలిసింది? ఇప్పుడే కదా..."

"జనార్దనరావు గారు ఫోన్ చేశారు. పట్టీ ఎవరి చేతికీ ఇవ్వకు. ఆస్పత్రిలో దింపి నేరుగా ఇటొచ్చెయ్."

హేమలత ఫోన్ పెట్టేసి ఆలోచనలో పడింది. మనిషి పడిపోయి పావుగంట కాలేదు. అంబులెన్సుకి ఫోన్ చేసింది తను. మేనేజరు మాత్రం లాబ్‌కి చేశాడు.

ఆస్పత్రిలో ఎముకల డాక్టరు స్కాను చూసి పెదవి విరిచాడు. "కండరం పాతగుడ్డలా పీలికలైపోయిందమ్మా. ఇది ఒక్కరోజులో చినిగింది కాదు. కనీసం రెండు నెలలుగా ఈవిడ రాత్రుళ్ళు నిద్రపోయి ఉండకూడదు. నొప్పి లేదంటుందేంటి?"

మంచం మీంచి మరియమ్మ నవ్వింది. ఆవిడ ఎప్పుడూ నవ్వుతుంది. అందుకే నవ్వుల మరియమ్మ అని పేరు. "బాబుగారూ, ఈ చేత్తో మళ్ళీ రొయ్య ఒలుస్తానా?"

డాక్టరు తల దించి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

* * *

భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీ వెనక రెండు గదుల షెడ్డు. అదే లాబ్. నాలుగేళ్ళ క్రితం అక్కడే ఆ పట్టీ పుట్టింది. దానికి 'ఆసరా' అని పేరు పెట్టింది వేదవతి. ఒలుపు ఆడవాళ్ళు మాత్రం చల్లపట్టీ అంటారు.

పట్టీ రెండు పనులు చేస్తుంది. ఒంట్లో ఏ కండరం ఎంత అలిసిపోయిందో, మనిషి ఎంత వంగి, ఎంతసేపు నిలబడిందో కొలుస్తుంది. ఒళ్ళు తట్టుకోలేని దశకి వస్తే ఎర్రదీపం వెలుగుతుంది. వెలిగితే పావుగంట కూర్చోబెట్టి తీరాలి. ఫ్యాక్టరీతో అది ఒప్పందం. రెండో పని, మనిషి విశ్రాంతిగా కూర్చున్నాక సన్నటి తరంగం ఒకటి వదులుతుంది. చల్లటి నూనె రాసినట్టు నొప్పి నిద్రపోతుంది. కండరం త్వరగా కోలుకుంటుంది. పనిలో ఉన్న ఒంటికి మాత్రం ఆ తరంగం పొరపాటున కూడా తగలకూడదు. నొప్పి తెలియని మనిషి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగదు.

ఒప్పందంలో ఇంకో మాట కూడా ఉంది. ఎవరికి ఎన్నిసార్లు ఎర్రదీపం వచ్చిందో ఆ పేర్లు లాబ్ గడప దాటకూడదు. ఫ్యాక్టరీకి మొత్తం లెక్క మాత్రమే ఇవ్వాలి. ఆ మాట కోసం పట్టుబట్టింది హేమలతే.

మరియమ్మ పట్టీని కంప్యూటరుకి తగిలించింది. వేదవతి కుర్చీ దగ్గరికి లాక్కుని భుజం మీదుగా చూసింది. యాభై ఐదేళ్ళ మనిషి. చేనేత చీర, మెడలో కళ్ళద్దాల గొలుసు. కాలేజీలో ఎవరూ పట్టించుకోని రోజుల్లో, రొయ్యలు ఒలిచే ఇంటి పిల్ల చెప్పిన ఆలోచనని కూర్చోబెట్టి విన్నది ఈవిడ ఒక్కతే.

"చూశావా? విశ్రాంతి పుష్కలంగా ఉంది," అంది వేదవతి. "మన పట్టీ తప్పేం లేదు."

"పుష్కలంగా కాదు మేడమ్, ఎక్కువగా ఉంది. ఇవాళ పదకొండింటిలోపు అరవై ఒక్కసారి విశ్రాంతి తీసుకుంది. ఒక్కోసారి తొమ్మిది సెకన్లు. తొమ్మిది సెకన్లు ఎవరు విశ్రాంతి తీసుకుంటారు?"

వేదవతి కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "అంటే ఎవరో పట్టీతో ఆటలాడుతున్నారు. రేపు పదింటికి లేబర్ ఆఫీసరు గారు ఫ్యాక్టరీకి వస్తున్నారు. పట్టీ తప్పా, మనిషి తప్పా అని అడుగుతారు. మనిషి తప్పయితే పోలీసు కేసు. మనకి ఆ మనిషి పేరు కావాలి అమ్మడూ."

"పట్టీ తప్పయితే?"

"పదకొండు ఫ్యాక్టరీలు దీని కోసం ఎదురుచూస్తున్నాయి. వాళ్ళని ఎలా ఒప్పించానో నీకు తెలీదు. చూస్తూ చూస్తూ దీన్ని చంపుకోలేను." వేదవతి లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "మీ అక్క ఆ టేబుల్ లీడరు కదూ? ఒకసారి గట్టిగా అడుగు."

ఒంటరిగా మిగిలాక హేమలత ఆ పట్టీని తనే కట్టుకుంది.

ఐదు లీటర్ల నీళ్ళ క్యాను కుడిచేత్తో పట్టుకుని, చెయ్యి ముందుకు చాపి నిలబడింది. రెండు నిమిషాల్లో భుజం మండింది. మూడో నిమిషంలో దీపం, ఎర్రబడే ముందు హెచ్చరికగా, పసుపైంది. అప్పుడు క్యాను దించకుండానే నేల మీద గొంతుక్కూర్చుంది. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది. వీపంతా చల్లగా పాకింది. లేచి నిలబడింది. దీపం పచ్చగా మారిపోయింది. మంట లేదు. భుజమే లేనట్టు ఉంది. క్యాను చేతిలో దూదిలా తేలుతోంది. తరంగం వదలడం ఆపినా దాని మత్తు ఆరు నిమిషాలు ఉంటుంది. ఆ ఆరు నిమిషాలూ అలాగే నిలబడింది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది.

అరగంట తర్వాత పట్టీ విప్పితే నొప్పి కత్తిపోటులా వచ్చింది. టేబుల్ మీది పెన్ను తీసుకోబోతే వేళ్ళు ముడుచుకోలేదు.

అరగంటకే ఇలా అయితే, రోజుకి ఎనిమిది గంటలు, రెండు నెలలు?

ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూలబడింది. గొంతుక్కూర్చుంటే విశ్రాంతి అని పట్టీకి నేర్పింది తనే. మొదట్లో దానికి తెలిసిన విశ్రాంతి రెండే. కుర్చీలో కూర్చోవడం, పడుకోవడం. కాలేజీ పిల్లల మీద కొలతలు తీస్తే వచ్చేవి అవే. కానీ అక్క డ్యూటీ నుంచి రాగానే కుర్చీ మొహం చూడదు. పెరటి గుమ్మంలో గోడకి వీపు ఆనించి గొంతుక్కూర్చుంటుంది. 'అమ్మయ్య' అంటుంది. ఆ అమ్మయ్య కోసం హేమలత ఆ భంగిమని ప్రత్యేకంగా చేర్చింది.

ఆ సంగతి ముగ్గురికే తెలుసు. తనకి, వేదవతికి. ఇంకా, అన్నం తింటూ ఒకరోజు తను గొప్పగా చెప్పుకుంటే విన్న అక్కకి.

* * *

సాయంత్రం కంపెనీ బస్సు దిగి వచ్చిన నాగరత్నం పెరటి గుమ్మంలో కూర్చుని టీ తాగుతోంది. ఎడమచేత్తో.

హేమలత ఎదురుగా నిలబడింది. "కుడిచేత్తో తాగక్కా."

"ఏ చేత్తో తాగితే ఏంటే? టీ టీయే."

"కుడిచేత్తో తాగు."

నాగరత్నం గ్లాసు చెయ్యి మార్చింది. గ్లాసు పెదాల దాకా రాలేదు. మోకాలి దగ్గరే ఆగి, వణికి, టీ చీర మీద ఒలికింది. హేమలత గబుక్కున గ్లాసు అందుకుంది. ఇరవై రెండేళ్ళుగా ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలిచి తనని చదివించిన చెయ్యి అది.

"నువ్వు కూడానా?"

"అందరికీ నేర్పినదాన్ని, నేను చెయ్యకుండా ఉంటానా?" అంది నాగరత్నం. ఏడవలేదు, దాచలేదు. "బూటు సర్దుకున్నట్టు కిందికి కూర్చోవడం, పది లెక్కెట్టుకోవడం, లేవడం. ఎవరి భుజం మీదైనా పసుపు దీపం రాగానే నేను దగ్గుతాను. ఎవరి దీపమైతే వాళ్ళు కూర్చుంటారు. ముందు మా టేబులు, తర్వాత హాలు మొత్తం."

"అది చేతులు తినేస్తుందక్కా! ఎర్రదీపం వస్తే కూర్చోబెడతారు కదా, కూర్చోడానికేం రోగం మీకు?"

"కూర్చోబెడతారా?" నాగరత్నం గొంతు ఒక్కసారిగా లేచింది. "మూడు ఎర్రదీపాలు వస్తే ఇంట్లోనే కూర్చోబెడతారు. పోయిన వేసంగిలో పదకొండు మందిని తీసేశారు, ఎరుగుదువా? ఒక్కళ్ళూ నలభై లోపు వాళ్ళు కాదు. 'నీ ఒళ్ళు రేపో మాపో పాడవుద్ది, మాకొద్దు' అన్నాడు మేనేజరు."

"వాళ్ళంతా మానేశారని చెప్పారు మాకు."

"ఎవరు చెప్పారే? మానేసేవాళ్ళు ఏడ్చుకుంటా మానేస్తారా?"

హేమలత మెట్టు మీద చతికిలబడింది. "ఎవరికి ఎన్ని ఎర్రదీపాలో ఫ్యాక్టరీకి తెలిసే దారే లేదు. పేర్లు మా దగ్గర తాళంలో ఉంటాయి."

"అందుకే," అంది నాగరత్నం. దడి అవతల ఎవరిదో గేదె అరిచింది. "అందుకే, నువ్వే ఇచ్చావనుకున్నానే."

హేమలత అక్క మొహంలోకి చూసింది. పొద్దున పట్టీ ఇచ్చేటప్పుడు ఎందుకు మొహం తిప్పుకుందో ఇప్పుడు అర్థమైంది. తను అక్కని అనుమానించింది ఒక్క పూట. అక్క తనని ఆర్నెల్లుగా అనుమానిస్తోంది. అనుమానిస్తూనే పొద్దున్నే క్యారేజీ కట్టింది, తలకి నూనె పెట్టింది.

"ఒక్కసారి అడగాల్సింది కదక్కా."

"అడిగితే అవునంటావేమోనని."

హేమలత అక్క కుడిచేతిని తన ఒళ్ళోకి తీసుకుని, మణికట్టు నుంచి పైకి మెల్లిగా ఒత్తడం మొదలుపెట్టింది.

"నేనివ్వలేదు," అంది.

"ఇప్పుడు తెలుసులే."

"ఆ పదకొండు మంది కాగితం ఎవరైనా చూశారా?"

నాగరత్నం ఎడమచేత్తో ఫోన్ తీసి, ఫోటోలు వెనక్కి జరిపి చూపించింది. మేనేజరు బల్ల తుడిచే అమ్మాయి తీసిందట. తెల్లకాగితం మీద టైపు చేసిన పేర్లు. సంతకం లేదు, ముద్ర లేదు. ఎవరైనా నాది కాదు అనేయొచ్చు.

"ఇందులో ఒకటి నాకు ఇప్పటికీ అర్థం కాలేదు," అంది నాగరత్నం. "ఇదిగో, ఏడో టేబులు, మరియమ్మ-2 అట. ఈ రెండేంటి? మా టేబులుకి ముగ్గురు మరియమ్మలు. గొడుగు మరియమ్మ, తిప్ప మరియమ్మ, నవ్వుల మరియమ్మ. మేనేజరు ముగ్గుర్నీ నిలబెట్టి 'మీలో రెండో మరియమ్మ ఎవరమ్మా' అన్నాడు. వాడికే తెలీదు! హాజరు రోల్లో అయితే ఇంటిపేర్లుంటాయి. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఆఖరికి గొడుగు మరియమ్మ ముందుకొచ్చి 'నేనేలే బాబూ, నాకు యాభై దాటాయి, ఈళ్ళకింకా పిల్లల పెళ్ళిళ్ళున్నాయి' అంది. ఆవిడ భుజం ఏ నొప్పీ లేకుండా రాయిలా ఉండేది. ఆవిణ్ణి పంపేశారు."

హేమలత చేతులు ఆగిపోయాయి.

తన నోటు పుస్తకంలో ఆ ముగ్గురూ గొడుగు, తిప్ప, నవ్వులు అనే ఉన్నారు. మొదటి కొలతల రోజు వాళ్ళ నోటితోనే అడిగి రాసుకుంది. ఫ్యాక్టరీ రోల్లో ఇంటిపేర్లు. మరి మనుషులకి నంబర్లు వేసుకున్నది ఎవరు?

పొద్దున అంబులెన్సులో, ఫోన్లో చెవిన పడిన మాట ఇప్పుడు మళ్ళీ, అదే గొంతుతో, స్పష్టంగా వినిపించింది.

"ఏమైందే? అలా అయిపోయావు?"

"ఏం లేదు," అంది హేమలత. "రేపు నిన్ను ఏమన్నా అననీ, నువ్వు మాత్రం నిజమే చెప్పు. మిగతాది నాకొదిలెయ్."

"నీ ఉద్యోగం పోద్దేమోనే."

"నీ చెయ్యి పోయింది కదక్కా."

* * *

ఫ్యాక్టరీ క్యాంటీనులో బల్లలు గోడవారకి జరిపి కుర్చీలు వేశారు. లేబర్ ఆఫీసరు గారు సన్నగా, పొడుగ్గా, బాగా దగ్గుతూ ఉన్నారు. చలి హాలు చూసి వచ్చిన దగ్గు. ఒక పక్క జనార్దనరావు, వేదవతి. వెనక టేబుల్ లీడర్లు, వాళ్ళ వెనక గుమ్మం నిండా తెల్లటోపీల ఆడవాళ్ళు.

జనార్దనరావు టీవీ పెట్టి చూపించాడు. కెమెరాలో తెల్ల ఏప్రాన్లు మునిగి తేలుతున్నాయి. కూర్చోవడం, లేవడం, కూర్చోవడం, లేవడం.

"చూశారా సార్? పట్టీని మోసం చేస్తున్నారు. వీళ్ళందరికీ నేర్పింది ఈ నాగరత్నం. ఏమ్మా, కాదను చూద్దాం!"

"ఎందుకు కాదంటాను? నేనే నేర్పాను," అంది నాగరత్నం లేచి నిలబడి. "తమరు పేర్లు పట్టుకుని మమ్మల్ని ఏరి పారేస్తుంటే ఏం చెయ్యమంటారు? దీపాలు పట్టుకుని హారతిమ్మంటారా?"

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"పేర్లా? ఏ పేర్లు?" జనార్దనరావు చేతులు తిప్పాడు. "వాళ్ళంతట వాళ్ళే మానేశారు సార్. మాకు పేర్లు రావు. మొత్తం లెక్క ఒకటే వస్తుంది."

ఆఫీసరు వేదవతి వైపు తిరిగారు. "డాక్టర్ గారూ?"

"అక్షరాలా నిజం సార్. పేర్లు మా లాబ్ దాటవు," అంది వేదవతి నెమ్మదిగా, బాధగా. "నాకు చాలా కష్టంగా ఉంది. నాగరత్నం మా హేమలతకి అక్క. పట్టీలో లొసుగు ఇంటి నుంచే బయటికెళ్ళింది. చిన్నపిల్ల, ఇంట్లో నోరు జారింది. దాన్ని పెద్ద మనసుతో చూడమని నా మనవి."

హేమలత లేచింది.

"మేడమ్ చెప్పింది నిజమే సార్. గొంతుక్కూర్చుంటే చాలు అని అక్కకి చెప్పింది నేనే. రాసుకోండి. లేచాక ఆరు నిమిషాలు మత్తు ఉండనిచ్చింది కూడా నేనే. పనిలో వాడతారని ఆలోచించలేదు. అదీ రాసుకోండి." వేదవతి వైపు తిరిగింది. "దెబ్బ తిన్న ముగ్గురి పేర్లు కూడా రిపోర్టులో ఉండాలి కదా సార్? మేడమ్‌కి అందరూ నోటికి వచ్చు. మేడమ్ చెబుతారు."

ఆఫీసరు పెన్ను తీశారు. "చెప్పండి డాక్టర్ గారూ."

"సుగుణ, నాలుగో టేబులు," అంది వేదవతి తడుముకోకుండా. "మణికట్టు. అప్పాయమ్మ, తొమ్మిదో టేబులు. నడుము. మరియమ్మ-3, ఏడో టేబులు. కుడి భుజం."

ఆఫీసరు పెన్ను ఆగింది. "మూడు అంటే? ఇంటిపేరా?"

"కాదు సార్. ఆ టేబుల్లో ముగ్గురున్నారు. గుర్తు కోసం నేను..."

వేదవతి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆ గదిలో అప్పటికి ముగ్గురికే తెలుసు. జనార్దనరావు కుర్చీలో కదిలాడు.

హేమలత ముందుకి నడిచి, అక్క ఫోన్లోని ఫోటో అచ్చు తీసిన కాగితం ఆఫీసరు ముందు పెట్టింది. దాని పక్కన ఫ్యాక్టరీ హాజరు రోలు. దాని పక్కన తన నోటు పుస్తకం.

"పోయిన వేసంగిలో ఒకే వారంలో పదకొండు మంది పోయారు సార్. ఇక్కడున్న పదకొండు పేర్లకీ మూడేసి ఎర్రదీపాలు. ఈ కాగితం మేనేజరు గారి బల్ల మీద తీసిన ఫోటో. నాది కాదంటారేమో. ఏడో టేబులు దగ్గర చూడండి."

ఆఫీసరు కళ్ళద్దాలు సర్దుకుని చదివారు. "మరియమ్మ-2." రోలు తిప్పారు. "ఇందులో కొల్లాటి మరియమ్మ, ఒడుగు మరియమ్మ, మైలాబత్తుల మరియమ్మ. నంబర్లు లేవే." నోటు పుస్తకం తెరిచారు. "ఇందులో... గొడుగు, తిప్ప, నవ్వులు." ఆయన దగ్గు ఆపుకుని నాగరత్నం వైపు చూశారు. "ఏమ్మా, మీలో మీరు నంబర్లతో పిలుచుకుంటారా?"

"మేమేమన్నా రొయ్యల ట్రేలమా బాబుగారూ, నంబర్లేసుకోడానికి?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. గుమ్మంలో తెల్లటోపీలు ఒక్కొక్కటే లోపలికి వస్తున్నాయి. ముందు వరసలో గొడుగు మరియమ్మ నిలబడి ఉంది. ఉద్యోగం పోయిన మనిషిని గేటు లోపలికి ఎవరు రానిచ్చారో వాచ్‌మన్‌కే తెలియాలి.

"హేమా." వేదవతి గొంతు తగ్గించింది. నాలుగేళ్ళుగా తనకి ధైర్యం చెప్పిన గొంతు అది. "ఆలోచించుకో. మనుషుల్ని పావుగంట కూర్చోబెట్టే పట్టీని ఏ ఫ్యాక్టరీ కొంటుంది? ఏదో ఒకటి ఇవ్వకపోతే ఆ షెడ్డులోనే చచ్చిపోయేది. పదకొండు మంది పోతే వేలమందికి అందుతుంది అనుకున్నాను. ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే మనిద్దరి పనీ ఇక్కడితో ఆఖరు."

ఆ మాటలు ఆఫీసరుకి వినిపించాయో లేదో తెలీదు. హేమలతకి మాత్రం ఒక్కొక్కటీ వినిపించింది. షెడ్డులో మొదటిసారి దీపం వెలిగిన రోజు ఈవిడే తనని కౌగిలించుకుంది. తన మొదటి జీతం అక్కకి ఇమ్మని చెప్పింది కూడా ఈవిడే. హేమలత వెనక్కి తిరిగి చూసింది. అక్క కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది, సంచీలో పెట్టి మర్చిపోయిన వస్తువులా.

"స్పష్టంగా చెప్పమ్మా," అన్నారు ఆఫీసరు పెన్ను ఎత్తి. "ఎవరి మీదా ఊహ రాయలేను. పేర్లు బయటికి ఇచ్చింది ఎవరు?"

"రాసుకోండి సార్," అంది హేమలత. గుమ్మం దాకా వినపడేలా అంది. "డాక్టర్ వేదవతి. పక్కన నంబరు అక్కర్లేదు. మా లాబ్‌లో ఆ పేరు గల మనిషి ఒక్కరే."